ప్లేయర్ తర్వాత, ముందు చెవిలో పెట్టేది

సౌండ్ సంగతులు: పాఠకుల ప్రశ్నలకు నల్లగొండ ప్రకాశం బజార్ దగ్గర డెక్కులు, ఆంప్లిఫయర్లు బాగుచేసే మెకానిక్ జవాబులు

ప్రశ్న: అన్నా, నమస్తే. నేను రోజూ నల్లగొండ నుంచి దిల్‌సుఖ్‌నగర్‌కు బస్సులో డ్యూటీకి పోయి వస్తాను. దారి పొడుగునా పాటలే తోడు. ఇంట్లో రెండు అట్టపెట్టెల నిండా సీడీలున్నాయి. ఎక్కువగా పాత సినిమా పాటలు, కర్ణాటక కచేరీలు. ఫోన్‌కు ఇయర్‌ఫోన్ గుచ్చే రంధ్రం లేదు. విడిగా మ్యూజిక్ ప్లేయర్ కొందామని 25 వేలు పక్కన పెట్టాను. మా అబ్బాయేమో "ఫోన్ ఉండగా అదెందుకు నాన్నా" అంటున్నాడు. సౌండ్ బాగుండాలంటే ఏది కొనాలి?
(ఒక పాఠకుడు, నల్లగొండ)

జవాబు: బస్సు సంగతి రాశారు, సీడీల సంగతి రాశారు, డబ్బు సంగతి రాశారు. చెవిలో ఏం పెట్టుకుంటున్నారో మాత్రం రాయలేదు. షాపుకొచ్చిన వాళ్లను నేను మొదట అడిగేది అదే అన్నా.

పాట చెవిదాకా రావాలంటే నాలుగు చేతులు మారాలి. ముందు ఫైలు. తర్వాత అందులోని అంకెలను కరెంటుగా మార్చే డాక్ అనే చిప్. దాన్ని పెంచే బుల్లి ఆంప్లిఫయర్. ఆఖరున ఇయర్‌ఫోన్. ఫైలులో లేనిదాన్ని వెనకాల ఎవరూ తెచ్చివ్వలేరు. ఇయర్‌ఫోన్ మారిస్తే పాట తీరే మారిపోతుంది. నడిమి రెండూ ఇప్పుడు తక్కువ ధరకే చక్కగా తయారవుతున్నాయి. 25 వేలు పెట్టి ప్లేయర్ కొంటే, తేడా తక్కువ తెలిసే ఆ నడిమి రెంటి మీదే డబ్బంతా పోసినట్టు. కాబట్టి మీ అబ్బాయి మాటలో సగం నిజముంది.

మీరు వినేది బస్సులో. నార్కట్‌పల్లి దగ్గర హైవే ఎక్కినప్పటి నుంచి ఇంజిన్ రొద ఆగదు. అది ఎక్కువగా కింది స్థాయి శబ్దం. తంబురా, మృదంగం ఎడమవైపు మోత ఉండేదీ ఆ చుట్టుపక్కలే. బయటి రొద వాటిని మింగేస్తుంది, మనం వాల్యూం పెంచుతాం, గాత్రం చెవిలో గుచ్చుకుంటుంది. లక్ష రూపాయల ప్లేయరైనా ఆ రొదను ఆపలేదు. దాన్ని ఆపేది చెవి రంధ్రాన్ని మూసే ఇన్-ఇయర్ రకం ఇయర్‌ఫోన్. అదీ సరిగ్గా కుదిరితేనే.

కుదరడమంటే ఏమిటో కొంచెం వివరంగా చెప్తాను, ఎందుకంటే దీన్ని ఎవరూ పట్టించుకోరు. ఇయర్‌ఫోన్‌తో పాటు డబ్బాలో మూడు సైజుల రబ్బరు టిప్పులు వస్తాయి. చాలామంది మధ్య సైజు ఎలా వచ్చిందో అలాగే వాడేసి, మిగతావి డబ్బాతో సహా పారేస్తారు. మీరు కుడి చెవికి పెట్టేటప్పుడు ఎడమ చేయి తల వెనక నుంచి తెచ్చి, చెవి పైభాగాన్ని పైకి, కొంచెం వెనక్కి లాగి పట్టుకోండి. రంధ్రం తిన్నగా అవుతుంది. టిప్పును మెల్లగా తిప్పుతూ లోపలికి పోనిచ్చి చెవి వదిలేయండి. ఇప్పుడు నోరు మూసుకుని "ఊఁ" అనండి. మీ గొంతు తలలోపలే గంభీరంగా మోగితే గాలి బయటికి పోవడం లేదన్నమాట. ఒక చెవిలో మోగి రెండోదాంట్లో మోగకపోతే ఆ చెవికి సైజు మార్చండి. రెండు చెవులకూ ఒకే సైజు పట్టాలని ఏమీ లేదు.

ఒకాయన ఖరీదైన ప్లేయర్ పట్టుకొచ్చి "దీంట్లో బాసే లేదు, ఆంప్లిఫయర్ పోయినట్టుంది, చూడన్నా" అన్నాడు. ప్లేయర్ మూత కూడా తీయలేదు నేను. ఎడమ చెవికి పెద్ద టిప్పు వేసి ఇచ్చాను. మృదంగం వచ్చి కూర్చుంది. పైసా ఖర్చు లేదు, నాకు ఆదాయమూ లేదు.

ఇక ఫోన్ సంగతి. టైప్-సి రంధ్రానికి గుచ్చే చిన్న తీగ ముక్కలు, డాంగిల్ అంటారు కదా, అవి రెండు రకాలు. కొన్నింట్లో ఏ చిప్పూ ఉండదు, ఉత్త వైరే. ఫోన్ తనంతట తాను ఆ రంధ్రంలోంచి అనలాగ్ సౌండ్, అంటే అప్పటికే కరెంటుగా మారిన పాట, బయటికి పంపే రకమైతేనే అవి పాడతాయి. లేకపోతే మూగనోము. రెండో రకంలో డాక్ చిప్, ఆంప్లిఫయర్ లోపలే ఉంటాయి. మీకు కావలసింది ఇది. డబ్బా మీద "డాక్" అని ఉందో లేదో చూసి, మీ ఫోన్‌కే గుచ్చి విన్నాకే డబ్బులివ్వండి. ఆపిల్ వాళ్ల టైప్-సి డాంగిల్ చూడటానికి పుల్లలా ఉన్నా మంచి సౌండ్ ఇస్తుంది. చాలా ఆండ్రాయిడ్ ఫోన్లలో మాత్రం దాని వాల్యూం తక్కువగా వస్తుంది, అందుకని మీ ఫోన్ ఆండ్రాయిడ్ అయితే వేరేది చూసుకోండి.

కాగితం మీద చూడాల్సిన అంకె ఒకటే: అవుట్‌పుట్ ఇంపెడెన్స్, అంటే బయటికి పోయే కరెంటుకు ఆ పరికరం పెట్టే అడ్డు. అది ఇయర్‌ఫోన్ ఇంపెడెన్స్‌లో ఎనిమిదో వంతు దాటకుండా ఉంటే మంచిది. మీ ఇయర్‌ఫోన్ 16 ఓమ్‌లయితే డాంగిల్‌ది గానీ ప్లేయర్‌ది గానీ 2 ఓమ్‌ల లోపు. అంతకంటే ఎక్కువైతే కొన్ని ఇయర్‌ఫోన్లలో పాట తీరు మారిపోతుంది. తర్వాత పాట ఆపేసి, నిశ్శబ్దంగా ఉన్నచోట ఇయర్‌ఫోన్ చెవిలో ఉంచుకుని "స్‌స్‌" మని వస్తోందేమో వినండి. వస్తే పక్కన పెట్టేయండి. 32 బిట్, 768 కిలోహెర్ట్జ్ లాంటివి అమ్మేవాళ్ల సంతోషం కోసం.

మీ సీడీలే మీ ఆస్తి. సీడీలో ఉండేది 16 బిట్, 44.1 కిలోహెర్ట్జ్, అంటే సెకనుకు 1411 కిలోబిట్లు. మనిషి చెవి పట్టే 20 కిలోహెర్ట్జ్ దాకా అందులో వచ్చేస్తుంది. కంప్యూటర్లో సీడీ డ్రైవ్ పెట్టి, ఎగ్జాక్ట్ ఆడియో కాపీ లాంటి ఉచిత సాఫ్ట్‌వేర్‌తో ఫ్లాక్ ఫైళ్లుగా దించుకోండి. ఫ్లాక్‌లో సౌండ్ ఏమాత్రం పోదు, సైజు మాత్రం సగానికి అటూ ఇటూ తగ్గుతుంది. ఐదు నిమిషాల పాట సీడీలో 50 ఎంబీ దాకా ఉంటే, ఫ్లాక్‌లో దాదాపు 30 ఎంబీ. 128 జీబీ కార్డులో నాలుగు వేల పైచిలుకు పాటలు పడతాయి. కార్డు మాత్రం బిల్లున్నది కొనండి. ఐదారు వందలకు 1 టీబీ కార్డని అంటగడతారు, సగం పాటలు ఎక్కించాక మొదటివి మాయమవుతాయి. హెచ్2టెస్ట్‌డబ్ల్యూ అనే చిన్న ప్రోగ్రాంతో కొన్నరోజే పరీక్షించి, తేడా వస్తే మర్నాడే తిరిగిచ్చేయండి.

ఇప్పుడు అబ్బాయి మాటలో మిగతా సగం. ప్లేయర్ దండగ అని నేనూ అనను. పాట మధ్యలో ఫోన్ మోగదు. సాయంత్రం ఇంటికొచ్చేసరికి ఫోన్ చార్జింగ్ మిగులుతుంది. జేబులో చేయి పెట్టి బటన్ తడిమి పాట మార్చుకోవచ్చు, కార్డు వేసుకోవచ్చు. మీ బడ్జెట్ చుట్టుపక్కల సోనీ ఎన్‌డబ్ల్యూ-ఎ306 ఉంది. ఆండ్రాయిడ్ మీద నడుస్తుంది, 32 జీబీ లోపలే ఉంటుంది, మైక్రో ఎస్‌డీ కార్డు పడుతుంది, మామూలు 3.5 ఎంఎం పిన్ను ఉంటుంది. ఫియో, హైబీ కంపెనీల్లో ఇంకా తక్కువకే దొరుకుతాయి. ఎక్కువ పవర్ ఇచ్చే 4.4 ఎంఎం బ్యాలెన్స్‌డ్ పిన్ను కావాలని ఎవరైనా అంటే, మీ ఇన్-ఇయర్‌కు అంత పవర్ అక్కర్లేదని చెప్పండి. ఇంట్లో కూర్చుని వినే 300 ఓమ్‌ల పెద్ద హెడ్‌ఫోన్లకైతే అది పనికొస్తుంది.

షాపులో పోల్చి చూసేటప్పుడు ఒక జాగ్రత్త. రెండింట్లో ఏది కాస్త గట్టిగా పాడితే అదే బాగున్నట్టు అనిపిస్తుంది. ఇది అందరి చెవులకూ ఉన్న బలహీనతే, అమ్మేవాళ్లకు బాగా తెలుసు. నేనైతే 200 హెర్ట్జ్ టోన్ ఒకటి ప్లే చేసి, రెండింటి అవుట్‌పుట్‌నూ మల్టీమీటర్ ఏసీ మిల్లీవోల్టుల్లో సమానం చేసి అప్పుడు వినిపిస్తాను. చౌక మీటర్లు 400 హెర్ట్జ్ దాటితే సరిగ్గా చూపించవు, అందుకే 200. అలా సమానం చేశాక ఏది డాంగిలో, ఏది ప్లేయరో చూడకుండా చెప్పమంటే, నా షాపులో పందెం కాసినవాళ్లు చాయ్ డబ్బులిచ్చి పోయారు.

నా మాటయితే: మూడు నాలుగు వేలలో మంచి వైరు ఇన్-ఇయర్, రెండు వేల లోపు డాంగిల్, పాటలు ఎక్కించుకోవడానికి ఒక కార్డు రీడర్. వాటితో ఈ ఎండాకాలం గడపండి. తర్వాత కూడా ప్లేయర్ మీద మనసుంటే, ఆ బటన్ల కోసం, ప్రశాంతత కోసం కొనుక్కోండి. సౌండ్ కోసమని ఇంట్లో చెప్పి ఒప్పించాల్సిన పని లేదు.

ప్రశ్న: హైదరాబాద్ జగదీశ్ మార్కెట్‌లో పాత ఐపాడ్ క్లాసిక్ చూశాను. సౌండ్ అద్భుతమంటున్నారు. కొనమంటారా?
(గద్వాల పాఠకుడు)

జవాబు: సౌండ్ బాగుంటుంది, కాదనను. అయితే ఆపిల్ క్లాసిక్‌ను 2014లోనే ఆపేసింది, 2022లో ఐపాడ్‌లన్నీ ఆగిపోయాయి. లోపల ఉండేది తిరిగే హార్డ్ డిస్కు. బ్యాటరీ ఎలాగూ ముసలిదై ఉంటుంది. పైగా ఫ్లాక్ పాడదు, ఆపిల్ వాళ్ల ఏఎల్ఏసీలోకి మార్చుకోవాలి. విప్పి బాగుచేసుకునే సరదా ఉంటే తీసుకోండి. ఉత్తగా పాటలు వినడానికైతే వద్దు.

ప్రశ్న: అన్నా, 1500కు వైర్‌లెస్ బడ్స్ కొన్నాను. డబ్బా మీద హై-రెస్ ముద్ర కూడా ఉంది. పాటలన్నీ యూట్యూబ్ నుంచి 320 కేబీపీఎస్‌లో దించుకుంటాను. అయినా మా రూమ్మేట్ 700 రూపాయల వైరు ఇయర్‌ఫోన్‌లోనే సౌండ్ బాగుంది. ఎక్కడ తేడా కొట్టింది?
(డిగ్రీ విద్యార్థి, మహబూబ్‌నగర్)

జవాబు: మూడు చోట్ల, తమ్ముడూ. యూట్యూబ్‌లో మామూలుగా వచ్చే ఆడియోనే 128 నుంచి 160 కేబీపీఎస్ (సెకనుకు కిలోబిట్లు) దగ్గర ఉంటుంది. ఆ దించే సైట్లు దాన్నే మళ్లీ ఎంపీ3గా కొట్టి, పైన 320 అని పేరు పెడతాయి. సైజు పెరుగుతుంది, లోపల కొత్తగా చేరేది ఏమీ లేదు. రెండోసారి కుదించడంలో ఇంకొంచెం పోతుంది కూడా. పాలు చిక్కబడాలని గిన్నె పెద్దది చేసినట్టు.

రెండోది, నీ 1500లో బ్యాటరీలు, బ్లూటూత్ చిప్పు, చార్జింగ్ డబ్బా, మైకులు అన్నీ రావాలి. వాటికి పోగా సౌండు చేసే బుల్లి స్పీకర్‌కు మిగిలేదెంత? మీ రూమ్మేట్ 700 మొత్తం ఆ స్పీకర్ మీద, వైరు మీదే పడింది.

మూడోది బ్లూటూత్. పాటను కుదించి గాల్లో పంపే పద్ధతుల్లో, అన్ని బడ్స్‌లోనూ ఉండే ఎస్‌బీసీ దాదాపు 328 కేబీపీఎస్‌లో పంపుతుంది. ఎల్‌డాక్ అనే ఇంకో పద్ధతి ఉంటే 990 దాకా పోతుంది, కానీ ఫోన్‌లోనూ బడ్స్‌లోనూ రెండుచోట్లా ఉండాలి. సెట్టింగ్స్‌లో బ్లూటూత్ పేరు పక్కన గుర్తు నొక్కి చూడు. ఎస్‌బీసీ అయినా మరీ పనికిరానిదేమీ కాదు, నీ తేడాలో ఎక్కువ వాటా మొదటి రెంటిదే. ఇక హై-రెస్ ముద్ర అంటే ఆ ఇయర్‌ఫోన్ 40 కిలోహెర్ట్జ్ దాకా శబ్దం చేయగలదని. నీకు వినిపించేది మహా అయితే 20. 40లో వినాలంటే గబ్బిలమై పుట్టాలి.

యాప్‌లో బాస్ బూస్ట్ పెట్టి ఉంటే తీసెయ్. పెళ్లి బరాత్ డీజే వాళ్లు మనకు నేర్పిన అలవాటది.

ఫ్లాక్ అని ఎవరైనా పెన్‌డ్రైవ్‌లో ఇస్తే పాటలో ఎంత పై స్థాయి దాకా శబ్దం ఉందో బొమ్మగా చూపే స్పెక్ అనే ప్రోగ్రాంలో తెరిచి చూడు. బొమ్మ 16 కిలోహెర్ట్జ్ దగ్గర కత్తితో కోసినట్టు ఆగిపోతే అది 128 ఎంపీ3కి ఫ్లాక్ చొక్కా తొడిగిందే. కానీ 1950ల పాటలకు ఈ పరీక్ష పెట్టకు. అప్పటి సినిమా రీళ్ల మీది ఆప్టికల్ ట్రాక్‌లో 8 కిలోహెర్ట్జ్ పైన పెద్దగా ఏమీ మిగిలేది కాదు. అసలు రికార్డింగే అంత.

ప్రశ్న: మిర్యాలగూడలో రైస్ మిల్లులో ఆపరేటర్‌ని. నైట్ షిఫ్టులో నిద్ర రాకుండా పాటలు వింటాను. మిల్లు మోతలో సరిగా వినపడటం లేదు. బాగా గట్టిగా పాడే ప్లేయర్ ఏదైనా చెప్పండి.
(మిర్యాలగూడ పాఠకుడు)

జవాబు: చెప్పను. కోపం తెచ్చుకోకండి.

చేయి చాపినంత దూరంలో ఉన్న మనిషితో కేకేసి మాట్లాడాల్సి వస్తోందంటే అక్కడి మోత 85 డెసిబెల్స్ దగ్గర ఉన్నట్టు లెక్క. పాలిషర్ పక్కన మీ పరిస్థితి అదే కదా. దాని మీదుగా పాట వినాలంటే చెవిలో 90, 95 పెట్టాలి. ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పే హద్దు 80 డెసిబెల్స్‌లో వారానికి 40 గంటలు. ప్రతి 3 డెసిబెల్స్‌కూ ఆ టైం సగమవుతుంది: 83లో 20 గంటలు, 86లో 10, 89లో 5. మీరు ఒక్క షిఫ్టులోనే వారం మొత్తం వాటా తినేస్తున్నారు. పోయిన వినికిడి తిరిగి రాదు. ఏ ప్లేయరూ తెచ్చివ్వదు.

నాయిస్ క్యాన్సిలింగ్ బడ్స్ పెట్టుకుంటానంటారేమో. అవి మోటారు హుంకారం లాంటి ఒకే తీరు శబ్దాన్ని తగ్గిస్తాయి, గలగలలను అంతగా ఆపలేవు. పైగా ఎలివేటర్ బెల్టు జారినా, హమాలీ కేకేసినా మీకు తెలియాలి. షిఫ్టులో చెవులకు ఇయర్‌మఫ్ అడగండి. పాటలు టిఫిన్ టైంలో, బయట చెట్టు కింద. షిఫ్టు దిగాక చెవుల్లో గుయ్యిమంటుంటే ఒకసారి ఈఎన్‌టీ డాక్టర్ దగ్గర ఆడియోగ్రామ్ (వినికిడి పరీక్ష) తీయించుకోండి.

ప్రశ్న: మా నాన్న పల్లెల్లో యక్షగానాలు ఆడేవారు. అప్పట్లో టేపురికార్డర్‌లో పట్టిన క్యాసెట్లు ట్రంకు పెట్టెలో ఉన్నాయి. హార్మోనియం, మద్దెల, నాన్న గొంతు. ఇప్పుడాయనకు కళ్లు సరిగా కనపడవు. వాటిని ఏదైనా మంచి ప్లేయర్‌లోకి ఎక్కించి ఇవ్వాలని ఉంది. యూఎస్‌బీ క్యాసెట్ ప్లేయర్ కొంటే సరిపోతుందా?
(గృహిణి, వనపర్తి)

జవాబు: అమ్మా, ఆ చిన్న యూఎస్‌బీ క్యాసెట్ ప్లేయర్ మాత్రం కొనకండి. చాలావాటిలో టేపు వేగం నిలకడగా ఉండదు. హార్మోనియం శ్రుతి ఊగుతుంది. మీ నాన్నగారి చెవి దాన్ని వెంటనే పట్టేస్తుంది.

పెట్టె తెరవగానే ప్లే చేయొద్దు. కిటికీలోంచి టేపు చుట్టను చూడండి. తెల్లటి బూజు చుక్కలుంటే అది విడిగా శుభ్రం చేయాల్సిన కేసు. లేకపోతే క్యాసెట్ పైఅంచున వెనకవైపు ఉండే రెండు చిన్న ప్లాస్టిక్ రేకులు ఇంకా ఉంటే విరిచేయండి, పొరపాటున రికార్డ్ నొక్కినా చెరగదు. టేపు బయటికి కనిపించే చోట దాని వెనకాల గోరంత ఫెల్టు ముక్క ఉంటుంది. పాత క్యాసెట్లలో జిగురు ఎండి అది ఊడిపోతుంది, గొంతు దుప్పటి కప్పుకుని పాడినట్టు వస్తుంది. టేపు పాడైందని పారేస్తారు చాలామంది. స్క్రూల క్యాసెట్ అయితే విప్పి, వేరే ఖాళీ క్యాసెట్‌లోని ఫెల్టు తీసి పెట్టొచ్చు. సి-90 టేపు సి-60 కంటే పల్చన, దాన్ని ముట్టుకునేటప్పుడు ఇంకా నిదానం.

మీ బంధువుల్లో ఎవరింట్లోనైనా పాత మంచి క్యాసెట్ డెక్కు ఉందేమో అడగండి. టేపును చదివే హెడ్డును, రబ్బరు రోలర్‌ను ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో ముంచిన దూదితో తుడిపించండి. క్యాసెట్‌ను ఒకసారి ఆ కొస నుంచి ఈ కొసకు పూర్తిగా తిప్పండి. హెడ్డు పక్కన స్ప్రింగుతో చిన్న స్క్రూ ఉంటుంది. మెకానిక్ దాన్ని పాట నడుస్తుండగా సన్నగా తిప్పితే తాళాల గలగల ఒక్కచోట తేటగా వస్తుంది. అక్కడ ఆపాలి. వేరే మెషీన్‌లో రికార్డయిన ప్రతి క్యాసెట్‌కూ ఇది మళ్లీ చూసుకోవాలి. ఊళ్లో చాలామంది డెక్కు శుభ్రం చేస్తారు గానీ ఈ పని చేయరు. మీరే అడగండి.

తర్వాత డెక్కు లైన్ అవుట్ నుంచి కంప్యూటర్‌కు, ఆడాసిటీ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌లో, 24 బిట్, 48 కిలోహెర్ట్జ్‌లో. మీటరు గట్టి చోట కూడా మైనస్ 6 డెసిబెల్స్ దాటకుండా పెట్టుకోండి. ఉన్నది ఉన్నట్టుగా ఫ్లాక్‌లో దాచుకోండి, రెండు చోట్ల. నాయిస్ తీసే ప్రయోగాలు కాపీ మీదే చేయండి. టేపు "స్‌స్‌" మనే హిస్‌తో పాటు మద్దెల మీది వేలి తాకిడి కూడా పోతుంది, తెలిసేలోపు అయిపోతుంది.

నాన్నగారికి ఇచ్చేది మాత్రం ఖరీదైన టచ్ స్క్రీన్ ప్లేయర్ కానక్కర్లేదు. పెన్‌డ్రైవ్ పట్టే, చేత్తో తడిమితే తెలిసే పెద్ద బటన్లున్న రేడియో చాలు. అందులోకి మోనోలో 192 కేబీపీఎస్ ఎంపీ3 పెట్టండి. నేనే ఇలా అంటున్నానని ఆశ్చర్యపోకండి, ఆ టేపులో ఉన్నదానికి అది ధారాళంగా సరిపోతుంది. ఒక్కో ఆటకు ఒక్కో ఫైలు చేసి, మొదట్లో ఆట పేరు మీ గొంతుతో రికార్డ్ చేసి కలపండి. ఆయన చదవలేరు కాబట్టి వినే పట్టుకుంటారు.

వనపర్తిలో డెక్కు దొరక్కపోతే క్యాసెట్లు నా దగ్గరికి తెప్పించండి. ఎవరైనా మనిషి చేతికిచ్చి పంపండి, పోస్టులో మాత్రం వేయొద్దు.